లోతుగా తెగితే ముందు ఏది: టోర్నికేట్టా, రక్తం ఆపే గాజా?

ప్రశ్న:
మా వర్క్‌షాపులో గ్రైండర్లు, కటింగ్ మిషన్లు ఉన్నాయి. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో కొత్తగా ఒక టోర్నికేట్ (చేతికో కాలికో బిగించి రక్తం ఆపే పట్టీ), రక్తం ఆపే గాజ్ (గాయంలో పెట్టే పలచటి గుడ్డ) ప్యాకెట్లు పెట్టారు. ఎవరికైనా లోతుగా తెగితే ముందు ఏది తీయాలి? టోర్నికేట్ కడితే చెయ్యి తీసేయాల్సి వస్తుందని కొందరంటున్నారు. అదే టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ముందు మీ అరచెయ్యే అండి. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కండి, పక్కవాళ్ళని అంబులెన్స్‌కి ఫోన్ చేయమనండి. చాలా గాయాలకు ఇది చాలు. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడొద్దు, అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది.

చేతికో కాలికో తెగి రక్తం చిమ్ముతుంటే, నొక్కినా ఆగకపోతే, ఇక ఆలోచించకుండా టోర్నికేట్ కట్టేయండి. గాయానికి 2–3 అంగుళాల పైన, కీలు మీద పడకుండా వేయాలి. పట్టీకి ఉన్న బిగించే పుల్ల తిప్పకముందే పట్టీని చేత్తో వీలైనంత బిగించండి. తర్వాత రక్తం ఆగేదాకా పుల్ల తిప్పి, కొక్కెంలో ఇరికించి, కట్టిన టైము రాయండి. నొప్పి భరించలేనంతగా ఉంటుంది. పాపం అనిపించినా వదులు చేయొద్దు. సగం బిగిస్తే సిరలు మూసుకుని ధమని తెరిచే ఉంటుంది, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. 2 గంటల్లోపు ఆస్పత్రిలో తీయిస్తే దానివల్ల చెయ్యి పోవడం చాలా అరుదు. కట్టకపోతే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు.

ప్రశ్న:
చాలా థ్యాంక్సండి. మరి గాజ్ ఎప్పుడు వాడాలి? గాయం మీద చల్లే పొడి కూడా ఉంటుందట కదా?

జవాబు:
టోర్నికేట్ పట్టని గజ్జల్లో, చంకలో, భుజం దగ్గర గాజ్ వాడాలి. దాన్ని గాయం మీద పరిస్తే లాభం లేదు. రక్తం ఊరే చోటు దాకా వేలితో లోపలికి కూరాలి. ఒక వేలు అక్కడే అదిమి పట్టి, రెండో చేతి వేలితో మిగతాది తోస్తూ పోవాలి. గుంత నిండాక రెండు చేతులతో బరువంతా వేసి కనీసం 3 నిమిషాలు నొక్కండి. మామూలు గాజ్ అయితే 10 నిమిషాలు. ఛాతీలో, పొట్టలో మాత్రం కూరకూడదు.

వీటిలో కొన్నిటికి కేయొలిన్ అనే మట్టి ఖనిజం పట్టించి ఉంటుంది. అది రక్తంలో గడ్డకట్టే ప్రక్రియను తొందరపెడుతుంది. ఇంకో రకం రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ది. అది ఎర్ర రక్తకణాలను తనకే అంటించుకుని గడ్డ చేస్తుంది, అందుకే రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకూ పనికొస్తుంది. ఇక మీరన్న చల్లే రకం: మొదట్లో వచ్చిన జియోలైట్ అనే ఖనిజం గుళికలు వేడెక్కి చర్మం కాల్చేవి. కేయొలిన్ గాజ్ వచ్చాక వాటి వాడకం పోయింది.

మరో సభ్యుడు:
ఒక్క మాట చేరుస్తాను. నకిలీ టోర్నికేట్‌లు చాలా తిరుగుతున్నాయి, బిగించేసరికి పుల్ల వంగిపోతుంది. నమ్మకమైన చోటే కొనండి. ప్రాక్టీసుకి వేరేది ఉంచుకోండి, వాడి వాడి అరిగినదాన్ని పెట్టెలో పెట్టొద్దు. గాజ్ ప్యాకెట్ ఖాళీ కవరు పారేయకుండా పేషెంటుతో పాటు పంపండి. లోపల ఏం కూరారో, ఎన్ని తీయాలో డాక్టర్లకు తెలుస్తుంది.