పులిహోర తింటే దద్దుర్లు: గోధుమ ఇంకా ఎక్కడెక్కడ ఉంటుంది?

బుజ్జిగాడి అమ్మ:
మా అబ్బాయికి నాలుగేళ్లు. గోధుమ పడదని రెండేళ్ల కిందటే పరీక్షల్లో తేలింది. చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు, సేమ్యా, ఉప్మా రవ్వ అన్నీ ఇంట్లోంచి పంపేశాం. మొన్న శనివారం అత్తగారు పులిహోర కలిపారు. అన్నం, చింతపండు, పల్లీలు. ఇందులో భయపడేది ఏముంది అనుకున్నాను. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో పెదవులు ఉబ్బి, మెడ చుట్టూ దద్దుర్లు లేచాయి. పల్లీ చట్నీ వాడు రోజూ తింటాడు, అది కాదు. ఆసుపత్రి నుంచి వచ్చాక డబ్బాలన్నీ బల్ల మీద పరిచి కూర్చున్నాను. ఇంగువ డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: గోధుమ పిండి, తుమ్మ బంక, ఇంగువ. అదీ ఆ వరుసలోనే!

గోదారి గట్టు:
పదార్థాల పేర్లు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారమ్మా. అంటే ఆ డబ్బాలో ఇంగువ కంటే పిండే ఎక్కువ. అసలు ఇంగువ అఫ్గానిస్థాన్, ఇరాన్‌ల నుంచి వచ్చే మొక్క జిగురు. మరీ ఘాటు కాబట్టి పిండిలో కలిపి అమ్ముతారు. ముద్ద ఇంగువ స్వచ్ఛమని మా వదిన ఇప్పటికీ వాదిస్తుంది. చాలా ముద్దల్లోనూ మైదా ఉంటుంది. బియ్యప్పిండితో చేసినది దొరుకుతోంది, వెతకండి. అన్నట్టు, అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వదే, మాడుగుల హల్వా గోధుమ పాలదే. ప్రసాదమంటే ఎవరూ అడగరు, నేరుగా నోట్లో పెట్టేస్తారు. చుట్టాలకు ముందే చెప్పి ఉంచండి.

పాతకాలం మనిషి:
చిటికెడు ఇంగువకు ఇంత హడావిడా? మా రోజుల్లో ఈ ఎలర్జీలు లేవు.

వార్డు డ్యూటీ:
బాబాయి గారూ, ఉండేవి, పేరు తెలియదంతే. కొందరికి కొద్ది మిల్లీగ్రాముల గోధుమ ప్రోటీనే చాలు. అమ్మా, ఎంత పడుతుందో చూద్దామని ఇంట్లో కొంచెం కొంచెంగా పెట్టి చూడకండి. ఆ పరీక్ష డాక్టరు ఎదుట, ఆసుపత్రిలో జరగాల్సింది. ఊపిరి ఆడకపోతే మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షనే. దద్దుర్ల మాత్ర వేసి ఎదురుచూడటం పెద్ద పొరపాటు.

మ్యూనిక్ తెలుగింటి కోడలు:
నేను బోల్తా పడ్డది మరోచోట. ఇక్కడ ‘గ్లూటెన్ లేనిది’ అని రాసిన కొన్ని బ్రెడ్డుల్లో గోధుమ స్టార్చ్ ఉంటుంది. గ్లూటెన్, అంటే గోధుమలోని జిగురు ప్రోటీన్, కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకుండా కడిగేస్తారు కాబట్టి ఆ మాట రాయవచ్చు. అది సీలియాక్ వాళ్ల కోసం, అంటే గ్లూటెన్‌తో పేగులు దెబ్బతినే జబ్బున్నవాళ్ల కోసం పెట్టిన లెక్క. గోధుమ ఎలర్జీలో గ్లూటెన్ కాని ప్రోటీన్లూ దెబ్బ తీస్తాయి. మా పాపకు ఆ బ్రెడ్డుతోనే నోరు దురద పెట్టింది. గోధుమ నుంచి తీసిన గ్లూకోజ్ సిరప్ సంగతి వేరు. అందులో ప్రోటీన్ దాదాపు మిగలదని యూరప్‌లో దాన్ని ఎలర్జీ హెచ్చరిక నుంచి మినహాయించారు. మా డాక్టరు సరేనన్నాకే చాక్లెట్లు ఇచ్చాను.

షటిల్ రాజు:
నాది వింత కేసు. పూరీ తిని కూర్చుంటే ఏమీ కాదు. తిన్న గంటకు షటిల్ ఆడితే ఒళ్లంతా దద్దుర్లు, ఒకసారి కళ్లు తిరిగి కోర్టులోనే పడిపోయాను. ఒమేగా-5 గ్లయడిన్ అనే గోధుమ ప్రోటీన్‌కు రక్తపరీక్ష చేస్తే తేలింది. నొప్పి మాత్రలు కూడా దీన్ని రెచ్చగొడతాయట.

కొత్త సభ్యురాలు:
గోధుమ ప్రోటీన్ ఉన్న షాంపూ వాడవచ్చా?

వార్డు డ్యూటీ:
నేనైతే వద్దంటాను. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ముఖం సబ్బు వాడి రెండు వేల మందికి పైగా గోధుమ ఎలర్జీ తెచ్చుకున్నారు. అంతకుముందు హాయిగా గోధుమ తిన్నవాళ్లే.

బుజ్జిగాడి అమ్మ:
అందరికీ నమస్కారం. పాత ఇంగువ పక్కింటికి వెళ్లిపోయింది. నిన్న అత్తగారు ఇంగువ లేకుండా ఆవ పెట్టి పులిహోర చేశారు, వాడు మారు అడిగాడు. కరివేపాకు పొడి ఒక్కటే తేలలేదు. దాని మీద ‘ఇంగువ’ అని ఉంది, ఆ ఇంగువలో ఏముందో లేదు. తయారుచేసేవాళ్లకు ఫోను చేశాను. సోమవారం చెబుతామన్నారు. అప్పటిదాకా ఆ సీసా అటక మీదే.