ఇన్సూరెన్స్‌లో కేర్‌గివర్ పేరు రాయమంటున్నాడు, రాయొచ్చా? (కాలిఫోర్నియా)

ఫ్రీమాంట్ నుంచి ప్రశ్న:
గ్రీన్‌కార్డు మీద కొత్తగా వచ్చామండీ. బాబుకి 20 ఏళ్లు, మేధోవైకల్యం ఉంది. జీతానికి పెట్టుకున్న కేర్‌గివర్ "మీ లైఫ్ ఇన్సూరెన్స్‌కి నా పేరు రాయండి, మీ తర్వాత బాబు బాధ్యత నాది" అంటున్నాడు. బాబు మీద కూడా పాలసీ తీసుకోమంటున్నాడు.

శాన్ రామోన్:
రాయకండి. మీ తదనంతరం ఆ డబ్బు చట్టప్రకారం అతనిదే. నోటిమాట పట్టుకుని కోర్టులో నెగ్గడం కష్టం. ప్రొబేట్ కోడ్ (కాలిఫోర్నియా వారసత్వ చట్టం) 21380 ఉందిగా అని కొందరు భరోసా ఇస్తారు. అది బాబు సంతకానికి కాపలా, మీ సంతకానికి కాదు. తన పనులు తాను చూసుకోలేని మనిషి కేర్‌గివర్ పేర ఏదైనా రాస్తే, మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నట్టే కోర్టు భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. పని మొదలుపెట్టడానికి 90 రోజుల ముందు, మానేశాక 90 రోజుల లోపు రాసినవాటికీ ఇదే లెక్క. దగ్గరి బంధువులకు మాత్రం మినహాయింపు ఉంది, అదొక చిల్లు.

శాక్రమెంటో:
ఇంకొకరి ప్రాణం మీద పాలసీ తీసుకోవాలంటే ఇన్సూరబుల్ ఇంట్రెస్ట్ ఉండాలి, అంటే ఆ మనిషి పోతే మనకు నిజంగా నష్టం కలిగే సంబంధం. జీతానికి చూసుకుంటున్నంత మాత్రాన అది రాదు. అందుకే దొడ్డిదారి: ఓనర్‌గా బాబునే చూపించి, బెనిఫిషియరీ (డబ్బు అందాల్సిన మనిషి) గడిలో తన పేరు వేసుకోవడం. ఫారంలో ఈమెయిల్, ఫోన్ గడులు కూడా చూడండి. అక్కడ కేర్‌గివర్ నంబరుంటే ఈ-సంతకం కోడ్ అతనికే వెళ్తుంది, మీ చెవిన పడకుండానే పనైపోతుంది. సోషల్ సెక్యూరిటీ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. అయినా బాబు సంపాదన మీద ఇల్లు నడవనప్పుడు వాడి మీద పాలసీ దేనికండీ? ఉండాల్సింది మీ మీద.

శాన్ హోసే:
మీ పాలసీలో బెనిఫిషియరీగా బాబు పేరూ నేరుగా వద్దు. మున్ముందు ఎస్ఎస్ఐ (తక్కువ ఆదాయమున్న వికలాంగులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) వస్తే, లెక్కలోకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటగానే ఆగిపోతుంది. లాయరుతో థర్డ్-పార్టీ స్పెషల్ నీడ్స్ ట్రస్టు (బాబు కోసం మీ డబ్బుతో పెట్టే ట్రస్టు) రాయించి, దాని పూర్తి పేరు, తేదీ, ట్రస్టీ (ట్రస్టు డబ్బు చూసుకునే మనిషి) పేరు ఫారంలో వేయండి. డబ్బు బాబు చేతికొచ్చాక ట్రస్టులో పెడితే అది ఫస్ట్-పార్టీ ట్రస్టవుతుంది, అంటే బాబు సొంత డబ్బుతో పెట్టినట్టు. అప్పుడు బాబు తదనంతరం మిగిలినదాంట్లోంచి, మెడికాల్ (రాష్ట్రం ఇచ్చే వైద్య బీమా) కింద బాబుకి పెట్టిన ఖర్చును రాష్ట్రం ముందుగా రాబట్టుకుంటుంది. ప్రైమరీలో భార్య పేరు వేసి, కంటింజెంట్‌లో (ప్రైమరీ మనిషి లేకపోతే డబ్బు అందేవాళ్ల గడి) అలవాటుగా పిల్లల పేర్లు వేసేస్తుంటారు. ఆ గడిలో ట్రస్టు ఉండాలి. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ ఫారం వేరే, అదీ మార్చండి. ట్రస్టీ, కేర్‌గివర్ ఒక్కరే కాకూడదు.

శాన్ రామోన్:
ఇంకోటి. ఇక్కడ ప్రీమియం తప్పితే 60 రోజుల గ్రేస్ (కట్టడానికి అదనపు గడువు) ఉంటుంది, రద్దుకు 30 రోజుల ముందు నోటీసు పంపాలి. ఆ నోటీసు ఇంకో మనిషికీ వెళ్లేలా పేరివ్వొచ్చు. ట్రస్టీ పేరివ్వండి.

ఫ్రీమాంట్:
ఇండియాలో ఎల్ఐసీకి బాబే నామినీ, అపాయింటీ (నామినీ తరఫున డబ్బు తీసుకునే మనిషి) మా తమ్ముడు. అది సరేనా?

శాక్రమెంటో:
అపాయింటీ మైనరు నామినీకే. బాబుకి 18 నిండగానే ఆ ఏర్పాటు పోయింది. ఇప్పుడు క్లెయిమ్ వస్తే డబ్బు బాబు పేరనే వస్తుంది, తీసుకోవడానికి గార్డియన్ కావాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లాలోని లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టి తెచ్చుకోవాలి. అంతదాకా నామినేషన్ వాళ్లమ్మ పేరుకి మార్చేయండి.