నాన్న ఫోన్‌లోంచి గేమ్‌కి డబ్బులు కట్టాడు, మళ్లీ నమ్మకం కుదిరేదెలా?

ప్రశ్న (కూకట్‌పల్లి):
బాబు ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్న యూపీఐ పిన్ చూసిపెట్టుకుని మూడు దఫాల్లో 4,600 గేమ్‌కి కట్టేశాడు. మొదట బొంకి, తర్వాత ఒప్పుకున్నాడు. ఇప్పుడు నిజం చెప్పినా ఆయన నమ్మట్లేదు. వాడు మాట్లాడటమే మానేశాడు.

జవాబు 1:
ముందు డబ్బు సంగతి చూడండి. ప్లే స్టోర్ ద్వారా కట్టి 48 గంటలు దాటకపోతే గూగుల్‌కే రిఫండ్ పెట్టొచ్చు. దాటితే గేమ్ కంపెనీని అడగాలి. పిన్ మార్చి, ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా ప్లే స్టోర్‌లో సెట్ చేయండి. ఇదంతా వాడి ఎదురుగానే చేయండి. చాటుగా చేస్తే నిఘా పెట్టారనుకుంటాడు.

జవాబు 2:
ఇక్కడ తప్పులు రెండండీ: డబ్బు తీయడం, బొంకడం. రెంటికీ ఒకటే శిక్ష వేస్తే ఏదీ తీరదు.

డబ్బుకి బాకీ కట్టించండి. కానీ వారానికి 100 చొప్పున మొత్తం రాబడితే 46 వారాలు. ఏ పిల్లాడైనా మధ్యలో చేతులెత్తేస్తాడు. ఎనిమిది వారాలు, 800, అక్కడితో చెల్లు అని ముందే చెప్పేయండి.

బొంకిన దానికి మందు వేరే. సరిచూసుకోగల చిన్న పనులు అప్పగించాలి. ఆదివారం 300 ఇచ్చి కూకట్‌పల్లి రైతు బజార్‌కి పంపండి. ధరల బోర్డు అక్కడే ఉంటుంది కాబట్టి లెక్క తేల్చడం తేలిక. వచ్చాక కాగితం మీద రాసి, చిల్లర పక్కన పెట్టాలి. పది రూపాయలు తక్కువొచ్చి, మీరు అడగకముందే ‘మిర్చి బజ్జీ తిన్నా’ అన్నాడనుకోండి, ఆ పదికి కేకలేయకండి. అడగకముందు నోరు విప్పడమే మీకు కావాల్సింది. అక్కడే తిట్టు పడితే వచ్చే ఆదివారం లెక్క మాత్రం చక్కగా సరిపోతుంది, నిజం కాదు.

జవాబు 3:
పై దానికి ఒకటి కలుపుతా. మేనమామలకీ పెదనాన్నలకీ చెప్పకండి. పండక్కి వచ్చిన ప్రతివాళ్లూ ‘ఏరా, గేమ్ ఆడుతున్నావా’ అంటుంటే ఎనిమిది వారాలు కాదు, ఎనిమిదేళ్లైనా ఆ గాయం మానదు. తిండీ నిద్రా తగ్గి, గదిలోంచి రాకపోతే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు:
వాళ్ల నాన్న ‘ఈ జన్మలో ఫోన్ ఇవ్వను’ అంటున్నారు.

జవాబు 2:
గడువు లేని శిక్షైతే వాడు బాగుపడి ఏం లాభం అనుకుంటాడు. ఫోన్ తిరిగిచ్చే తేదీ ఆయన చేతే క్యాలెండర్‌లో రాయించండి. మొదట రోజుకి అరగంట, హాల్లోనే. మళ్లీ తప్పు జరిగితే రెండు వారాలు వెనక్కి జరగాలి, మొదటికి రాకూడదు. డబ్బు అవసరమైతే యూపీఐ సర్కిల్ వాడండి, అంటే ఆయన ఖాతాలోంచి ఇంట్లో ఇంకొకరు కట్టేలా చేసే సదుపాయం. అందులో పాక్షిక అనుమతి పెడితే వాడు స్కాన్ చేసినా ఆయన పిన్ కొట్టందే పైసా కదలదు.