కస్టమర్ని అడిగితే "బాగుంది" అంటారు, అంతే. అసలు మాట రాబట్టేదెలా?

పిండి_యూనిట్, తిరుపతి
మాది కొర్లగుంటలో చిన్న ఇడ్లీ, దోశ పిండి యూనిట్. చుట్టుపక్కల కిరాణా షాపులకు, కొన్ని అపార్ట్‌మెంట్లకు వేస్తాం. ప్యాకెట్‌తో పాటు చిన్న కాగితం పెట్టి అభిప్రాయం రాయమన్నాం. వచ్చినవన్నీ "బాగుంది", "సూపర్". వీటిని పట్టుకుని ఏం మార్చాలి? పెద్ద కంపెనీలు కస్టమర్లను కలుపుకుని కొత్త వస్తువులు తెస్తాయంటారు కదా, ఎలా చేస్తారు? మీకు తెలిసింది చెప్పండి.

రిపేరు_అన్న, చిత్తూరు
అడగడం కంటే చూడడం మేలు అక్కా. నేను వాషింగ్ మెషిన్లు బాగుచేస్తాను. కంపెనీ వాళ్ళు ఊహించని వాడకాలు ఇళ్ళలోనే కనిపిస్తాయి. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయని ఆటోమేటిక్ మెషిన్‌లో కూడా బకెట్‌తో నీళ్ళు పోసేవాళ్ళు ఎంతమందో! అది ఎవరూ కాగితం మీద రాయరు. వాళ్ళ దృష్టిలో అది చెప్పుకోదగ్గ సంగతే కాదు.
చైనాలో వాషింగ్ మెషిన్లు చేసే హాయర్ కంపెనీకి సిచువాన్ రాష్ట్రంలోని ఒక రైతు నుంచి ఫిర్యాదు వచ్చింది, నీళ్ళు పోయే పైపు మాటిమాటికీ మూసుకుపోతోందని. వెళ్ళి చూస్తే ఆ రైతు మెషిన్‌లో చిలగడదుంపలు కడుగుతున్నాడు! "ఇది బట్టలకే" అని చెప్పి వచ్చేయొచ్చు. వాళ్ళు పైపు వెడల్పు చేసి, దుంపలు కూడా కడిగే మోడల్ 1998లో అమ్మకానికి పెట్టారు. ఈ పనిలో ఉన్నవాడిగా నాకు బాగా నచ్చిన కథ ఇది.

లెక్చరర్, తిరుపతి
దీని మీద అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎరిక్ వాన్ హిప్పెల్ చాలా పని చేశారు. అందరికంటే ముందుగా అవసరం ముంచుకొచ్చి, కంపెనీ కోసం ఆగకుండా తామే ఏదో ఒక ఏర్పాటు చేసుకునే వాళ్ళను ఆయన 1986లో "లీడ్ యూజర్లు" అన్నారు. మన సుమీత్ మిక్సీ అలాంటిదే. ఇంట్లో విదేశీ మిక్సీ మన రుబ్బుడుకు తట్టుకోలేకపోతే, ఆ ఇంటి ఇంజినీరే గట్టి మోటారుతో ఇంకోటి చేసి 1963లో కంపెనీ పెట్టాడు.
మీ విషయంలో అపార్ట్‌మెంట్ వాళ్ళకంటే, మీ పిండితో రోజూ టిఫిన్ బండి నడిపేవాళ్ళ దగ్గర ఎక్కువ సంగతులు దొరుకుతాయి.

కలంకారీ_ఇల్లు, శ్రీకాళహస్తి
మా అనుభవం కాస్త వివరంగా రాస్తాను. మా దగ్గర పనికి వరస ఉంటుంది. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేస్తాం. తర్వాత చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీస్తాం. ఆపైన కలంతో నల్లరంగు. బెల్లం, ఇనుప తుక్కు ఊరబెట్టి తీసిన ఆ రంగు పడ్డాక ఇక వెనక్కి లేదు. బొగ్గు గీత మాత్రం దులిపితే పోతుంది.
ఇదివరకు కస్టమర్ చీర పూర్తయ్యాకే చూసేవారు. ఇప్పుడు బొగ్గు గీత దశలో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాం. "కుచ్చిళ్ళలో నెమలి మడతపడిపోతుంది, పల్లూ వైపు జరపండి" అని ఒకావిడ రాశారు. రోజూ చీర కట్టే మనిషికి తట్టింది, బల్ల మీద పరిచి గీసే మాకు తట్టలేదు. ఇప్పుడు బొమ్మ పెట్టేముందు కుచ్చిళ్ళు ఎక్కడ పడతాయో గుర్తు పెట్టుకుంటాం. నా మాట ఒకటే, మార్చడానికి ఇంకా వీలున్నప్పుడే చూపించండి. పని అయ్యాక అడిగితే మొహమాటానికి "బాగుంది" అనక ఇంకేమంటారు?

లైన్_ఆపరేటర్, సత్యవేడు
శ్రీసిటీలో ఫోన్ల లైన్ మీద పనిచేసేవాణ్ణి. చైనా కంపెనీ షావోమీ మన దేశంలో మొదట తయారుచేయించిన ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ 2015లో ఇక్కడి ఫాక్స్‌కాన్ ప్లాంటు నుంచే వచ్చింది. ఆ కంపెనీ ఫోన్ల కంటే ముందు, 2010లో, ఎంఐయూఐ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో మొదలైంది. వాడేవాళ్ళు చెప్పిన లోపాలు సరిచేసి వారం వారం కొత్త వెర్షన్ ఇచ్చేవారు. చెప్పిన మాట వారంలో ఫోన్‌లో కనబడితే ఎవరైనా మళ్ళీ చెబుతారు. నేను ఒక యాప్‌కి పొడుగ్గా సలహా రాశాను, జవాబే లేదు. ఇక ఎవరికి రాస్తాం?

హోల్‌సేల్, చిత్తూరు
ఒక హెచ్చరిక. నచ్చింది అనడం వేరు, జేబులోంచి డబ్బు తీయడం వేరు. గోద్రెజ్ వాళ్ళ ఛోటుకూల్ చిన్న ఫ్రిజ్ పల్లె ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని, రంగు దాకా వాళ్ళ చేత చెప్పించుకుని చేసింది. పన్నెండు వోల్టుల బ్యాటరీతో కూడా నడుస్తుంది. అయినా పల్లెల్లో అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. పిల్లలు ముక్కలు కలిపి కట్టే బొమ్మలు చేసే లెగో వాళ్ళ పద్ధతి నాకు నచ్చుతుంది. ఎవరైనా తన నమూనా పెట్టొచ్చు, 10,000 మంది మద్దతిస్తే కంపెనీ పరిశీలిస్తుంది, సెట్‌గా వస్తే నికర అమ్మకాల్లో 1 శాతం ఆ మనిషికి ఇస్తుంది. ఆలోచన ఇచ్చినవాళ్ళకు కూడా వాటా ఉండడం న్యాయం.

పిండి_యూనిట్, తిరుపతి
అందరికీ చాలా థాంక్స్. రిపేరు అన్న మాట విని మా పాత కస్టమర్ ఇంటికి వెళ్ళి వంటింట్లో నిలబడి చూశాను. ప్యాకెట్ మూల కత్తిరించి సగం వాడారు, మిగతా దానికి రబ్బరు బ్యాండు చుట్టి ఫ్రిజ్‌లో ఒక గిన్నెలో నిలబెట్టారు. పిండి పొంగి గిన్నెలోకి కారింది. ఇన్నాళ్ళూ చెప్పలేదేమంటే, "పిండన్నాక పొంగదా అమ్మా" అన్నారావిడ.
అందుకని పైన ఖాళీ వదిలిన అరకిలో ప్యాకెట్ చేస్తున్నాం. ఆవిడకూ, లీలామహల్ సర్కిల్ దగ్గర టిఫిన్ బండి వాళ్ళకూ ముందు ఇస్తాను, హోల్‌సేల్ అన్న చెప్పినట్టు డబ్బులు తీసుకునే. మూత ఉన్న పౌచ్‌లు చిన్న ఆర్డరుకు కూడా ఇచ్చేవాళ్ళు తిరుపతిలో గానీ చెన్నైలో గానీ ఎవరైనా తెలిస్తే ఇక్కడే రాయండి.