పాత థీసిస్‌లు, నిఘంటువులు, పత్రికలు: ఏది నమ్మి ఉదహరించాలి?

తెలుగు_స్కాలర్:
వ్యవసాయ పదాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధగంగ సైటులో నా అంశం మీద పాత థీసిస్‌లు ఎలా పట్టుకోవాలి? యూజీసీ ఆమోదించిన పత్రికల జాబితా, అదే యూజీసీ కేర్, 2025లో ఎత్తేశారు కదా, మంచి పత్రిక ఏదో ఇప్పుడెలా తేల్చుకోవాలి? పదాల అర్థాలకి సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు ఆన్‌లైన్‌లో చూసి "బ్రౌన్ 1852" అని వేస్తున్నాను, సరిపోతుందా?

గోదారి_గట్టు:
తెలుగు లిపిలో వెతికితే సగం దొరకవు. థీసిస్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. గైడ్ పేరుతో వెతకండి, లేదా యూనివర్సిటీ, శాఖ తెరిచి జాబితా మొత్తం చూడండి. చాలావాటిని పాత అను ఫాంట్లలో టైపు చేశారు, ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ కాదు. ఫైల్లో వెతికితే ఏమీ రాదు, పేజీలు తిప్పాల్సిందే.

ప్రైవేటు_లెక్చరర్:
మా గోడు ఎవరికీ పట్టదు. కేంద్రం చందా కట్టి పరిశోధన పత్రికలు చదవనిచ్చే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ సంస్థలకే ఇచ్చారు. ప్రైవేటు కాలేజీలో ఉంటే మేం పరిశోధన చెయ్యమా?

పాతపుస్తకాల_పిచ్చి:
"బ్రౌన్ 1852" దగ్గరే ఆగిపోయాను. షికాగో యూనివర్సిటీ సైటులో ఉన్నది 1903 నాటి రెండో కూర్పు. బ్రౌన్ 1884లోనే పోయారు. దాన్ని సవరించినవాళ్లలో కందుకూరి వీరేశలింగం గారూ ఉన్నారు. అందులోని మాటకి 1852 అని వేస్తే యాభై ఏళ్లు వెనక్కి జరిపినట్టే.

కడప_మాస్టారు:
నిఘంటువు బ్రౌన్‌ది. తర్వాత ఎవరో నాలుగు మాటలు చేరిస్తే వాళ్లదైపోతుందా? మా ఊళ్లో ఆయన పేరు మీద గ్రంథాలయమే ఉంది.

పాతపుస్తకాల_పిచ్చి:
ఆయన గొప్పతనం గురించి కాదు మాస్టారూ. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టి ఎప్పుడైనా చూశారా?

కడప_మాస్టారు:
నాకు పుస్తకం చూడటం నేర్పక్కర్లేదు. మాట మర్యాదగా రానివ్వండి.

రిటైర్డ్_లైబ్రేరియన్:
ఉద్యోగమంతా రిఫరెన్స్ విభాగంలోనే చేశాను, ఇందులో నా మాట వినండి. ముఖపత్రం, దాని వెనక పేజీ చూడనిదే సంవత్సరం వేయకూడదు. శబ్దరత్నాకరం నిఘంటువు 1885లో వచ్చింది, తర్వాత ఎన్నోసార్లు అచ్చయింది. మీ చేతిలో ఉన్నది ఏ ముద్రణో అదే రాయాలి. పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో స్కాన్ల పక్కన ఉండే సంవత్సరాన్ని అసలు నమ్మొద్దు.

తెలుగు_స్కాలర్:
పత్రికల సంగతి ఎవరూ చెప్పలేదండీ. ఒకళ్లు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. డబ్బు కడితే రెండు రోజుల్లో వేస్తారట, ఐఎస్ఎస్ఎన్ కూడా ఉందట.

వరంగల్_అక్క:
ఒక్క రూపాయి కూడా కట్టకు తమ్ముడూ! ఐఎస్ఎస్ఎన్ పత్రికకిచ్చే నంబరు, అంతే. దానికీ నాణ్యతకీ సంబంధం లేదు. మా స్నేహితురాలు ఇలాగే కట్టింది, కొన్నాళ్లకి సైటే లేకుండా పోయింది, వ్యాసమూ పోయింది. పాత సంచికల్లో నీ అంశం మీద వచ్చిన వ్యాసాలు చదువు. సంపాదకవర్గంలో ఉన్నవాళ్లకి నేరుగా మెయిల్ పెట్టు, వాళ్ల పేరు అక్కడుందని వాళ్లకే తెలియని పత్రికలున్నాయి. అసలు 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి వ్యాసం అచ్చవడం తప్పనిసరి కాదు. మీ యూనివర్సిటీ ఏం అడుగుతోందో ముందు కనుక్కో.

ప్రైవేటు_లెక్చరర్:
ఉద్యోగం దగ్గర అడుగుతున్నారు కదా అక్కా!

కడప_మాస్టారు:
రేపు గ్రంథాలయంలో 1852 కూర్పు ఉందేమో అడుగుతాను. ఉంటే ఈ సంగతి తేల్చేస్తాను. ఏ పదం చూడమంటారు?

తెలుగు_స్కాలర్:
"గొర్రు" చూడండి మాస్టారూ. వీలైతే ముఖపత్రం ఫొటో కూడా పెట్టండి.