కథకుడేమో "వచ్చాడు", మల్లయ్యేమో "వచ్చిండు": సరిచేసేదెట్లా?

హన్మకొండ_చౌరస్తా:
కథ 1500 పదాలు. పర్కాల దిక్కు రైతు మల్లయ్య మిర్చి బస్తాలతో మార్కెట్‌కు పోయి, చెప్పిన ధరకు తలూపి వస్తాడు. కథనం పుస్తక భాషలో, మాటలు మన యాసలో ఉన్నాయి. చదివినవాళ్లు రెండు తప్పులు పట్టారు. కథకుడు మల్లయ్యను గట్టు మీద నిలబడి చూస్తున్నట్టుంది, ధర తెలిసే చోట ఏమీ తగలడం లేదు. ఆ చోటు ఇది:

"మల్లయ్య బస్తాలు దించి, చీటీ రాయించుకుని, కాంటా దగ్గర నిలబడి, ధర విని, తలూపి, ఇంటికి వచ్చాడు. ఇంతేనా అని అతను బాధపడ్డాడు."

మొదటి 900 పదాలు చేను, విత్తనం, అప్పు. ధర చివరి 100 పదాల్లో వస్తుంది. ఎక్కడ విప్పి కుట్టాలి?

దబ్బనం:
అన్నా, ముందుగాల ఆ వాక్యాన్నే పట్టుకుందాం. దించి, రాయించుకుని, నిలబడి, విని, తలూపి. ఐదు అసమాపక క్రియలు, ఒక్కటే సమాపకం. తెలుగు వాక్యంల బరువంతా ఆఖరి క్రియ మీద పడ్తది. నీ వాక్యంల అది "వచ్చాడు" మీద పడ్డది. అంటే ఇల్లు చేరుడు పెద్ద సంగతయింది, ధర వినుడు తొవ్వల మలుపంత కూడా కాలేదు. ఇట్ల విడగొట్టి చూడు:

"బస్తాలు దించి చీటీ రాయించుకొని కాంటా కాడ నిలబడ్డడు. ధర చెప్పిన్రు. తలూపిండు."

"చెప్పిన్రు"కు కర్తను పెట్టకు. అడ్తిదారు (కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టేటోడు) చెప్పిండని రాస్తే తప్పు ఒక్క మనిషి మీదికి పోతది. కర్త లేకుంటే ఎవర్ని అడగాల్నో మల్లయ్యకు తెల్వదు, చదివేటోనికీ తెల్వదు. అట్లని కథంతా గిట్ల తుంపకు. పొడుగు వాక్యం ఎనుక పడ్డప్పుడే పొట్టి వాక్యం తగుల్తది. పేజీ నిండ పొట్టివే ఉంటే డప్పు దరువే ఇనబడ్తది.

ఇగ "బాధపడ్డాడు" తీసెయ్. "అని"ని కూడా తీసెయ్. "తలూపిండు. ఇంతేనా. పోయినేడు గీ కాయకే..." అని వదిలితే ఆ మాట కథకునిదా, మల్లయ్యదా అని తేల్చలేం. ఇద్దరిదీ. కాని పైన "తలూపాడు" ఉంటే అతుకు కనబడ్తది. కథకుడు మల్లయ్య తలలకు పోవాల్నంటే క్రియ ఒకటే ఉండాలె. గిట్ల, గట్ల, జర చల్లితే యాస కాదు, అది వేషం. యాసకు ఎన్నుపూస క్రియ. అందుట్ల కూడా "వెళ్ళిండు" లాంటి కలగూర వద్దు, మన దిక్కు "పోయిండు" అంటరు.

(గిడుగు పోరాటం గ్రాంథికాన్ని దించింది గని, దాని జాగల కూసున్నది కోస్తా చదువుకున్నోళ్ల భాష. సెప్టెంబర్ 9న కాళోజీ పేరు మీద భాషా దినం జేస్తం, 10న మల్ల "వచ్చాడు" అనే రాస్తం.)

అచ్చుతప్పు:
దబ్బనం గారు చెప్పిన వాక్యం సంగతి సరే. కానీ రెండు భాషల మధ్య ఎడం ప్రతిసారీ దోషం కాదు. కథ చెప్పేది ఎవరు? పట్నంలో చదువుకున్న కొడుకైతే ఆ "వచ్చాడు"లోనే తండ్రికీ అతనికీ ఉన్న దూరమంతా ఉంది. అప్పుడు కథనంలో ఒక్క చోట, ధర దగ్గరే, "పోయిండు" జారనివ్వండి. ఒక్కసారే. రెండోసారి వస్తే ప్రూఫ్ చూడలేదనుకుంటారు. మీ కథకుడు ఎవరూ కానివాడైతే మాత్రం దబ్బనం గారి దారే మేలు.

నాకు అసలు తేడా కనిపించింది వరుసలో. ధర మొదటే చెబితే, తర్వాత వచ్చే ప్రతి అప్పునూ పాఠకుడు దానితో తూస్తాడు. చివర చెప్పాలంటే ముందే ఒక అంకె నాటి ఉండాలి, భార్య వేసిన లెక్కో, పిల్ల ఫీజో. మీ 900 పదాల్లో అలాంటి అంకె లేకపోతే చివర ధర దేనికీ తగలదు. దాన్ని 300కి కుదించి, కాంటా దగ్గరే కథ ఎత్తుకోండి.

అప్పును పేరాల్లో చెప్పే బదులు బస్తా మూతిని పట్టుకోండి. భార్య దబ్బనంతో సుతిలి కుడుతుంది. హమాలీ ఆ కుట్టు కోస్తాడు. తిరుగు బండిలో ఖాళీ సంచులు మడిచి ఉంటాయి. మూడోసారి ఏమీ వివరించకండి, నాలుగోసారి తేకండి.

సర్వనామాలూ చూడండి. "మనమేం జేస్తం మల్లయ్యా, రేటు గట్లున్నది" అని అడ్తిదారు అంటే, ఆ "మనం" ఇద్దర్నీ ఒకే గట్టున నిలబెడుతుంది. "మేమేం జేస్తం" అంటే మల్లయ్య బయట ఉండిపోతాడు. మొదటిదే ఎక్కువ క్రూరం.

హన్మకొండ_చౌరస్తా:
కథకుడు ఎవరూ కాడు, కాబట్టి క్రియలు మారుస్తున్నా. ఇంటికొచ్చాక భార్యతో మల్లయ్య "క్వింటాలుకు అంతేనంట" అంటాడు. ఆ "అంట" ఉంచనా?

దబ్బనం:
ఉంచు. "అంతే" అంటే ఒప్పుకున్నట్టు. "అంతేనంట" అంటే ఎవరో తేల్చిన మాటను మోసుకొచ్చినట్టు. మరి కథకుని నోట్ల ఎక్కడా "అంట" రానియ్యకు. వస్తే కథంతా ఊరి ముచ్చటయితది, మల్లయ్య అన్నప్పుడు ఎవరి చెవికీ ఎక్కదు.

ఇంకోటి, తాలుకాయకు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయకు, ధర వేరే ఉంటది. లాటుకంతా ఒక్క ధరే చెప్పినట్టు రాస్తే మిర్చి పండించేటోళ్లు ఆ వాక్యం కాడనే ఆగిపోతరు.