లాక్ ఒపెరాన్‌ను (లాక్టోజ్‌ను వాడుకునే జన్యువుల సముదాయం) గ్లూకోజ్ ఆపేది సీఆర్‌పీ (ఆ జన్యువులను ప్రేరేపించే ప్రోటీన్) ద్వారానా, రిప్రెసర్ (వాటిని అణచే ప్రోటీన్) ద్వారానా?

ఎమ్మెస్సీ విద్యార్థిని, నల్లగొండ:
గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ కలిపిన మాధ్యమంలో ఈ.కోలై బ్యాక్టీరియాను పెంచి, దాని పెరుగుదల తెలుసుకునేందుకు 20 నిమిషాలకొకసారి కలరీమీటర్ రీడింగ్ తీసుకున్నాను. రీడింగ్ కొంతసేపు పెరిగి, మధ్యలో నిలిచిపోయి, మళ్లీ పెరిగింది. గ్లూకోజ్ ఉన్నంతసేపూ సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తగ్గి, సీఆర్‌పీ డీఎన్ఏను పట్టుకోలేకపోవడమే కారణమని రికార్డులో రాస్తే, మా సీనియర్ అక్క ఒప్పుకోలేదు. దయచేసి వివరించగలరు.

డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, మహబూబ్‌నగర్:
మీరు రాసింది సరైనదేనమ్మా. లాక్ ప్రమోటర్ (జన్యువుల నకలు మొదలయ్యే డీఎన్ఏ భాగం) స్వతహాగా బలహీనమైనది. సైక్లిక్ ఏఎంపీతో కలిసిన సీఆర్‌పీ ఆ ప్రమోటర్‌కు ముందు భాగంలో డీఎన్ఏకు అతుక్కుని, దానిని సుమారు 90 డిగ్రీలు వంచి, ఆర్ఎన్ఏ పాలిమరేజ్ (జన్యువును ఆర్ఎన్ఏగా నకలు చేసే ఎంజైమ్) అక్కడ నిలదొక్కుకునేలా చేస్తుంది. అది లేనిదే, రిప్రెసర్ తొలగిపోయినా జన్యువులు పూర్తి స్థాయిలో పనిచేయవు.

పరిశోధక విద్యార్థి, దేవరకొండ:
సార్, సీఆర్‌పీ అవసరాన్ని నేను కాదనడం లేదు, కానీ చెల్లె అడిగింది మధ్యలో వచ్చిన ఆ విరామం గురించి. సైక్లిక్ ఏఎంపీయే కారణమైతే, లాక్టోజ్‌పై పెరిగే దశలో అది గ్లూకోజ్ దశలో కంటే ఎక్కువగా ఉండాలి. 1996లో ఇనాడా, కిమాటా, ఐబా అనే పరిశోధకులు కొలిచి చూస్తే రెండు దశల్లోనూ ఎక్కువ తేడా కనిపించలేదు. విరామ సమయంలో మాత్రమే అది తాత్కాలికంగా పెరిగింది. రిప్రెసర్ జన్యువును తొలగించినప్పుడు, లేదా ఐపీటీజీ (రిప్రెసర్ పట్టును వదిలించే కృత్రిమ రసాయనం) ఇచ్చినప్పుడు, ఆ రెండు దశల పెరుగుదలే కనిపించకుండా పోయింది.

బయట లాక్టోజ్ ఉండగా రిప్రెసర్ ఎందుకు వదలదంటే, ఆ లాక్టోజ్ లోపలికి రావడం లేదు కాబట్టి. కణం గ్లూకోజ్‌ను లోపలికి తీసుకునేటప్పుడు, ఆ రవాణా వ్యవస్థలోని టూఏ ప్రోటీన్ తన ఫాస్ఫేట్‌ను కోల్పోయి, లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే పర్మియేజ్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని దానిని పనిచేయనివ్వదు. దాంతో లాక్టోజ్ నుంచి తయారై రిప్రెసర్ పట్టును వదిలించే అల్లోలాక్టోజ్ తయారుకాదు, రిప్రెసర్ ఆపరేటర్ (అది అతుక్కునే డీఎన్ఏ భాగం) మీదే ఉండిపోతుంది. దాని పట్టు సామాన్యమైనది కాదు: ప్రధాన ఆపరేటర్‌ను ఒక కొసతో, సహాయక ఆపరేటర్‌ను మరో కొసతో పట్టి, మధ్య డీఎన్ఏను ఉచ్చులా మడుస్తుంది. రెండు సహాయక ఆపరేటర్లనూ చెడగొట్టిన 1990 నాటి ప్రయోగంలో నిరోధం సుమారు 1300 రెట్ల నుంచి 18 రెట్లకు పడిపోయింది. ఈ పట్టు సడలనంతవరకు సీఆర్‌పీ ఉండి చేయగలిగింది చాలా స్వల్పం.

అధ్యాపకుడు, మహబూబ్‌నగర్:
ఆ కొలతలను అంగీకరిస్తున్నాను. అయితే ఐపీటీజీ పర్మియేజ్ సాయం లేకుండానే లోపలికి వెళుతుంది. అది ఇచ్చిన తరువాత కూడా, గ్లిసరాల్‌పై పెరిగే కణాలలో కంటే గ్లూకోజ్‌పై పెరిగే వాటిలో బీటా గెలాక్టోసిడేజ్ (లాక్టోజ్‌ను విడగొట్టే లాక్ ఎంజైమ్) తక్కువగానే ఉంటుంది. దానిని రిప్రెసర్‌తో వివరించలేరు.

పరిశోధక విద్యార్థి, దేవరకొండ:
నిజమే సార్, అది సీఆర్‌పీ పనే. ఫాస్ఫేట్ ఉన్నప్పుడు అడినైలేట్ సైక్లేజ్‌ను (సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే ఎంజైమ్) ప్రేరేపించేదీ, లేనప్పుడు పర్మియేజ్‌ను ఆపేదీ ఒకే టూఏ ప్రోటీన్ కావడం వల్లనే ఈ రెండింటినీ విడదీయడం కష్టమైందని నా అభిప్రాయం. విరామానికి మాత్రం రిప్రెసర్‌నే మొదట రాయాలి.

విద్యార్థిని, నల్లగొండ:
అలాగైతే అదే మాధ్యమంతో రెండు ఫ్లాస్కులు పెట్టి, ఒకదానిలో మొదటి నుంచీ ఐపీటీజీ కలుపుతాను. అందులో విరామం కనిపించకపోతే రికార్డు తిరిగి రాస్తాను.